ఎడమ పక్క చారలు

మూడు రోజుల్లో సుగుణ నలభై ఒక్క ఫొటోలు తీసింది. వాటిలో గడ్డి చాలా బాగా వచ్చింది.

ఒక్కో గడ్డిపోచ మీద మంచుబొట్టుతో సహా కనబడుతోంది. దాని వెనక పసుప్పచ్చగా ఏదో మసక. ఆ మసకే పులి. ఇంకొన్నిటిలో గడ్డి కూడా లేదు. దూరాన గుట్ట మీది రాళ్లు చెక్కినట్టున్నాయి, పులి మాత్రం మళ్లీ మసకే. ఒకదానిలో తోక ఒక్కటే ఉంది.

రేంజర్ సారు కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్కటే జరుపుతూ పోయాడు. చివరిది కూడా అయిపోయాక కళ్లజోడు తీసి కళ్లు నలుముకున్నాడు.

"పులిని పట్టే జట్టును రేపు మధ్యాహ్నం దాకా ఆపగలను సుగుణా. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు. పైవాళ్లు కనబడ్డ పులిని పట్టుకొమ్మంటారు."

సుగుణ తల ఊపి బయటికి వచ్చింది.

ఆమె అడవి శాఖలో బీట్ ఆఫీసర్. ప్రాణహిత ఒడ్డున నాగులమడుగు ఊరూ, ఊరిని ఆనుకున్న అడవీ ఆమె బాధ్యత. పదిహేను రోజుల కిందట ఆ ఊరి లచ్చవ్వ అడవి అంచున చేనులో పత్తి ఏరుతుంటే పులి వెనక నుంచి వచ్చి పట్టుకుంది. కబురు అందగానే అందరికంటే ముందు అక్కడికి చేరింది సుగుణే. లచ్చవ్వ నడుముకు కట్టుకున్న పత్తి సంచి నిండుగా ఉంది. అందులో పత్తి తెల్లగా లేదు. ఆ తర్వాత చూసింది సుగుణ ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం చేను చుట్టూ చెట్లకు కెమెరాలు కట్టారు. పొద్దు గూకేవేళ పులి అదే చోటికి తిరిగొచ్చింది. ఒకే ఒక్క ఫొటో పడింది. దాని ఎడమ పక్క.

మనుషుల వేలిముద్రల్లాగే పులుల చారలు ఒకదానివి ఒకదానికి కలవవు. ఒకే పులికి కూడా ఎడమ పక్క చారలు వేరు, కుడి పక్క చారలు వేరు. ఆ అడవిలో అందరికీ తెలిసిన ఆడపులి ఒకటుంది, మూడు పిల్లల తల్లి. ఆఫీసు ఫైల్లో దాని ఫొటోలు నాలుగున్నాయి. నాలుగూ సాయంత్రంపూట అది గుట్ట దిగి వాగుకు పోతుంటే తీసినవి. నాలుగూ కుడి పక్కవే.

చంపింది తల్లిపులేనా, నది దాటి వచ్చిన ఇంకేదైనానా? అది తేలాలంటే తల్లిపులి ఎడమ పక్క కనబడాలి. మత్తు తుపాకీ పట్టుకుని వచ్చిన జట్టు నాలుగు రోజులుగా గెస్ట్‌హౌస్‌లో కూర్చుని ఉంది.

ఆఫీసు నుంచి వెళ్తుంటే నాగులమడుగు దగ్గర పోశవ్వ బండికి అడ్డం నిలబడింది. లచ్చవ్వకు ఆడబిడ్డ ఆమె.

"ఇంకెన్ని రోజులు మేడం? చేనంత పగిలి తెల్లగైంది. ఒక్క వాన పడితె అంత నల్లబడ్తది."

"పట్టుకుంటం పోశవ్వా."

"ఏ పులినన్న పట్టుకోన్రి. పులి పోయింది అని ఒక్క మాట చెప్పున్రి సాలు. రేపే పోతం చేనుకు."

సుగుణ బండి ఇంజను ఆపింది. వీళ్లు తన మాట నమ్ముతారు. పట్టుకున్నది వేరే పులైతే, చంపిన పులి ఆ చేను పక్కనే ఉండగా, తను చెప్పిందని ఇరవై మంది ఆడవాళ్లు అడవికి వీపు పెట్టి వంగి పత్తి ఏరుతారు.

అక్కడి నుంచి తిన్నగా టౌనులో జిలానీ సాబ్ ఇంటికి వెళ్లింది.

జిలానీ సాబ్‌ది నలభై ఏళ్లు నడిచిన ఫొటో స్టూడియో. వారమంతా పెళ్లికూతుళ్లు, ఆదివారం అడవి. ఫైల్లో ఉన్న నాలుగు ఫొటోలూ ఆయన తీసినవే. కిందటి వానాకాలంలో పక్షవాతం తగిలి కోలుకున్నాడు గానీ కుడిచెయ్యి వణుకు పోలేదు. కెమెరా పట్టుకోలేడు. అడవి శాఖవాళ్లు తమ సిబ్బందికి ఫొటోలు తీయడం నేర్పమని అడిగితే ఒప్పుకున్నాడు. మొదట ఎనిమిది మంది వచ్చారు. నెల తిరిగేసరికి సుగుణ ఒక్కతే మిగిలింది. ఆమె ఆయన్ని ఉస్తాద్ అంటుంది.

"లెన్సుల ఏదో తేడా ఉంది ఉస్తాద్," అంది కూర్చోకుండానే. "మీరు చెప్పినట్టే పెట్టిన. షట్టర్ స్పీడు రెండు వేలు. ఫోకస్‌కు నడుమ చిన్న చుక్క ఒక్కటే. బొటనవేలుతోని వెనక బటన్ నొక్కి పట్టుకుంటె పులి ఎటు పోతె లెన్సు అటు పట్టుకోవాలె గద. ఇది గడ్డిని పట్టుకుంటాంది."

జిలానీ సాబ్ ఫొటోలు చూపించమనలేదు. కిటికీలోంచి కరెంటు తీగ వైపు గడ్డం ఎత్తి చూపించాడు. తీగ మీద నాలుగు పసిరిక పిట్టలు వరసగా వాలి ఉన్నాయి. ఉన్నట్టుండి ఒకటి దూకుతుంది, గాలిలోనే మెలి తిరిగి ఈగను పట్టుకుని మళ్లీ తీగ మీదికి వస్తుంది.

"దాన్ని పట్టు బేటీ."

సుగుణ లెన్సు ఎత్తింది. పిట్ట దూకకముందే దాన్ని చుక్కలోకి తెచ్చుకుంది. అది దూకగానే తనూ దానితో పాటే తిరిగింది. వెతకలేదు, తొందరపడలేదు. పిట్ట ఒంపు తిరిగేచోట వేలు నొక్కింది.

ఇద్దరూ వెనక తెర మీద చూశారు. పిట్ట ముక్కులో ఈగ ఉంది. ఈగ రెక్కలోని గీతలు కూడా లెక్కపెట్టొచ్చు.

"లెన్సు మంచిగనే ఉన్నది," అన్నాడు జిలానీ సాబ్.

సుగుణ కుర్చీలో కూలబడింది. కెమెరా ఒళ్లో పెట్టుకుంది.

"పులి రాంగనే నేను పులిని సూస్తలేను ఉస్తాద్," అంది. "జీపును సూస్తున్న. నేను కూసున్న తాన్నుంచి జీపుకు ఇరవై రెండు అడుగులు. ఉరికితె ఎంతసేపు పడ్తది, డ్రైవర్ సత్తన్న డోరు తీసిపెట్టిండా లేదా, ఇదే లెక్క. గప్పుడు బొటనవేలు ఎప్పుడు లేస్తాందో నాకే తెలుస్తలేదు. జెల్ది తీసి పడేస్తె అయిపోతది అని నొక్కేస్తున్న." ఆమె గొంతు తగ్గింది. "చారలు కనబడుడే ఆలస్యం, లచ్చవ్వ సంచి కనబడ్తది."

లోపల జిలానీ సాబ్ భార్య రజియాబీ టీ కాస్తున్న చప్పుడు వినబడుతోంది.

"మీరు ఇన్నేండ్లు తిరిగిన్రు. మీకు భయం ఎట్ల పోయింది?"

టీ వచ్చింది. జిలానీ సాబ్ మెల్లగా తాగాడు. ఆమె లేచి గుమ్మం దాటుతుంటే అన్నాడు, "రేపు పొద్దుగాల జీపు ఇటు తిప్పుకో. నేను గూడ వస్త."

అడవి మధ్యలో ఫైర్ లైన్ ఉంటుంది. మంటలు ఇటు నుంచి అటు పాకకుండా చెట్లూ పొదలూ కొట్టి తీసిన వెడల్పాటి ఖాళీ బాట అది. వాగు దగ్గర నీళ్లు తాగి గుట్ట మీది పిల్లల దగ్గరికి పోవాలంటే తల్లిపులి పొద్దున్నే ఆ బాట దాటాలి. దాటేటప్పుడు దాని ఎడమ పక్క ఇటు ఉంటుంది. ఊళ్లో గొడవైన దగ్గర్నుంచి అది నడిచి దాటడం మానేసింది. రెండే రెండు అంగల్లో దూకి పోతోంది. చెట్లకు కట్టే కెమెరాలు ఆ వేగాన్ని అందుకోలేకపోయాయి.

బాటకు ఎనభై అడుగుల దూరంలో ముళ్లకంప అడ్డుపెట్టి సుగుణకు చిన్న చాటు కట్టారు. కంపలో లెన్సు పట్టేంత సందు. వెనక ఇరవై రెండు అడుగుల దూరాన జీపు, జీపులో డ్రైవర్ సత్తన్న.

తెల్లవారుతోంది. కార్తీకం చలి. సుగుణ ఇసుక సంచి మీద లెన్సు ఆనించి వాగువైపు అంచుకు గురిపెట్టింది. పక్కన జిలానీ సాబ్ గోనెపట్టా మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఒకసారి వెనక్కి చూసింది. జీపు డోరు తీసే ఉంది. కాసేపటికి మళ్లీ చూసింది.

మూడోసారి చూసి ఇటు తిరిగేసరికి పక్కన జిలానీ సాబ్ లేడు.

కంప చివర నుంచి చుట్టు తిరిగి ఆయన బయటికి వెళ్తున్నాడు, చంకలో గోనెపట్టా. చాటుకు పది అడుగులు ముందుకు పోయి, పట్టా పరిచి, లెన్సుకు దారి వదిలి కొంచెం పక్కగా కూర్చున్నాడు. కూర్చున్నది సుగుణ వైపు తిరిగి. ఆయన వీపు ఫైర్ లైన్ వైపు ఉంది.

"ఉస్తాద్!" ఆమె గుసగుసగా పిలిచింది. "ఏం జేస్తున్రు? లోపటికి రాన్రి!"

ఆయన జేబులోంచి పల్లీల పొట్లం తీశాడు. రుమాలు ఒళ్లో పరుచుకుని ఒక్కొక్క కాయే ఒలవడం మొదలుపెట్టాడు.

"ఉస్తాద్, మీకు దండం పెడ్త. అది వచ్చే టైమైంది. మీకు కనబడది!"

"నాకెందుకు కనబడాలె? నువ్వు సూస్తున్నవ్ గద," అన్నాడు మెల్లగా. ఇంకో కాయ తీశాడు.

బయటికి పోయి చెయ్యి పట్టుకుని లాక్కురావాలి. సుగుణ సగం లేచింది.

అప్పుడే వాగువైపు దుప్పి అరిచింది. ఒకే ఒక్క అరుపు. వెంటనే గుట్టవైపు చెట్ల మీద కొండముచ్చు గొంతు చించుకుంది. ఆ తర్వాత పిట్టలతో సహా అంతా ఆగిపోయింది.

ఇక లేవడానికి లేదు. కదిలితే పులి చూస్తుంది. సుగుణ మెల్లగా కూర్చుని కన్ను లెన్సుకు ఆనించింది. రెండో కన్ను మూయలేదు. ఆ కంటికి జిలానీ సాబ్ టోపీ కనబడుతోంది. పల్లీ పొట్టు చిట్లిన చప్పుడు వినబడుతోంది.

గడ్డి కదిలింది. గాలి లేదు.

పులి తల బయటపెట్టింది. తర్వాత భుజాలు. బాట అంచున ఆగింది. ఇన్ని రోజుల్లో ఎప్పుడూ ఆగలేదు. ఈ రోజు ఆగింది, ఎందుకంటే బాటకు కాస్త దూరంలో నిన్న లేనిదేదో నేల మీద కూర్చుని ఉంది. పులి ముఖం ఇటు తిప్పింది.

లెన్సు నిండా ఆ ముఖమే. మీసాలకు నీళ్లు అంటుకుని ఉన్నాయి. కళ్లు సుగుణను చూడటం లేదు. ఒక ముసలాయన వీపును చూస్తున్నాయి.

సుగుణకు భయం పోలేదు, ముందుకంటే పదింతలైంది. కానీ జీపు గుర్తు రాలేదు. ఇప్పుడు ఆమెకు కావాల్సిన లెక్క ఒక్కటే, పులికీ ఆ వీపుకూ మధ్య డెబ్బై అడుగులు. అది ఒక్క అడుగు ఇటు వేస్తే అరవాలి. అరుపు గొంతులో సిద్ధంగా ఉంది. అది అడుగు ఎటు వేస్తుందో తెలియాలంటే రెప్ప వేయకూడదు. బొటనవేలు బటన్ మీద బిగుసుకుంది. చిన్న చుక్క పులి భుజం మీద ఉంది. పులి ఊపిరికి భుజం కదిలితే చుక్కా దానితో పాటే కదులుతోంది.

వేలు మాత్రం నొక్కలేదు. ముఖం కాదు కావాల్సింది.

ఎంతసేపో తెలియదు. పల్లీ పొట్టు చిట్లిన చప్పుడు ఇంకోసారి వినబడింది.

పులి ఒళ్లు కిందికి కుంగింది. భుజం కండ గట్టిపడింది. మీదికి దూకేముందూ ఇలాగే కుంగుతుంది, పారిపోయేముందూ ఇలాగే కుంగుతుంది. సుగుణ నోరు తెరిచింది. లెన్సులో చుక్క ఎడమవైపు జరగడం మొదలైంది. ముందుకు కాదు, పక్కకు. ఆమె దానితో పాటే తిరిగింది. మొదటి అంగ. వేలు నొక్కింది. రెండో అంగ. కెమెరా గడగడమంటూనే ఉంది. పులి పొదలో పడింది, కొమ్మలు ఊగాయి, ఆగాయి.

సుగుణ లెన్సు తీయలేదు. పొద మీదే ఉంచింది.

"పోయిందా బేటీ?" జిలానీ సాబ్ వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"తెల్వది. లేవకున్రి."

ఆయన లేవలేదు. చాలాసేపటికి గుట్ట మీద, దూరంగా, ఇంకో కొండముచ్చు అరిచింది. ఇంకాసేపటికి అంతకంటే పైన మరొకటి. పులి ఎక్కుతూ పోతోంది.

"ఇగ లేవున్రి," అంది సుగుణ.

ఆయన చేతులు నేలకు ఆనించాడు గానీ మోకాళ్లు లేవలేదు. ఆమె కంప మీదుగానే ఉరికింది. చేతికి ముళ్లు గీసుకున్నా తెలియలేదు. ఆయన్ని చంకల కింద పట్టుకుని లేపింది. అప్పుడు ఏడుపు తన్నుకొచ్చింది.

"పానం మీదికి తెచ్చుకుంటరా ఎవరన్న? అది ఇటు దుంకితె? రజియమ్మకు నేనేం మొఖం సూపెట్టాలె?"

జిలానీ సాబ్ రుమాలు ఆమె చేతిలో పెట్టాడు. ఒలిచిన పల్లీలన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్కటీ తినలేదు.

"తిను," అన్నాడు. "పొద్దటి నుంచి ఏం తినలే నువ్వు."

తొమ్మిదింటికి రేంజర్ సారు రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టాడు. పత్తి చేనులో పడ్డ పులికి ఎడమ భుజం వెనక చార ఒకటి కింది దాకా తిన్నగా దిగి, చివర రెండుగా చీలి ఉంది. సుగుణ తీసిన ఫొటోలో తల్లిపులికి అదే చోట రెండు చారలు మధ్యలో విడిపోయి పైనా కిందా కలుసుకున్నాయి, చింతకాయ గీసినట్టు. వెంట్రుక వెంట్రుకా కనబడుతోంది. అనుమానానికి తావు లేదు.

"ఇది అది కాదు," అన్నాడు రేంజర్ సారు. వెంటనే లేచి గెస్ట్‌హౌస్‌కు ఫోన్ చేశాడు.

గదిలో ఎవరికీ సంతోషం కలగలేదు. ఇది కాదంటే ఇంకొకటి ఉందని అర్థం. అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

నాగులమడుగుకు ఆ మాట చెప్పడానికి సుగుణే వెళ్లింది. చేనుకు పోవద్దంది. సాయంత్రం నాలుగు తర్వాత వాకిట్లోకి కూడా ఒంటరిగా రావద్దంది. పోశవ్వ ఆమె మీద విరుచుకుపడింది. పులిని పట్టుకునేది పోయి ఫొటోలు తీసుకుంటున్నారా అంది. సుగుణ అన్నీ పడింది. ఊరు దాటేదాకా చేనుకు పోవద్దనే చెప్పుకుంటూ వచ్చింది.

జట్టు గుట్ట వదిలి నదివైపు మళ్లింది. నాలుగు రోజులు ఊరు తలుపులు వేసుకుని కూర్చుంది. మేకల్ని ఇళ్లలోనే కట్టేసుకున్నారు. ఐదో రోజు పొద్దున నది పక్క టేకు తోటలో ఒక మగపులి మత్తుకు పడిపోయింది. చిన్న వయసుది. ముందుకాలికి తీగ ఉచ్చు కోసుకుపోయి చీము పట్టి ఉంది, జింకల్ని తరమలేని స్థితి. సుగుణ దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఎడమ భుజం వెనక చూసింది. చార తిన్నగా దిగి, రెండుగా చీలింది.

ఆరో రోజు నాగులమడుగు ఆడవాళ్లు పత్తి చేనుకు వెళ్లారు. సుగుణ పొద్దుగూకేదాకా గట్టు మీద ఉండి, అందరూ ఇళ్లకు చేరాక టౌనుకు బయల్దేరింది. తల్లిపులి ఫొటో పెద్దది కడిగించి ఉస్తాద్‌కు తీసుకెళ్లింది.

రజియాబీ తలుపు తీసింది. ముఖం వాడిపోయి ఉంది.

"ఆ రోజు మీతోని వచ్చిన కాడ్నుంచి జ్వరం బేటీ. ఇయాల్నే జర తగ్గింది. ఏం జూసి జడుసుకున్నడో అడిగితె చెప్పడు. నిద్రల ఉలిక్కిపడి లేస్తడు, వెనక్కి తిరిగి సూస్తడు. మంచం గోడకు జరిపించుకున్నడు. వీపు గోడకు ఆనితెనే కన్ను మూతపడ్తదట."

సుగుణ లోపలికి వెళ్లింది. మంచం నిజంగానే గోడకు ఆనించి ఉంది. జిలానీ సాబ్ దుప్పటి కప్పుకుని గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. ఫొటో ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన వణికే చేత్తో దాన్ని దగ్గరికి తీసుకుని, చారల మీద వేలు ఆనించకుండానే వేలు నడిపాడు.

సుగుణ మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"ఆ రోజు మీకు గూడ భయమైందా ఉస్తాద్?"

"నా మొఖంల కనబడలేదా?"

"మీ మొఖం నేను సూడలే," అంది సుగుణ. "దాన్నే సూస్తున్న."

జిలానీ సాబ్ ఫొటో ఆమె చేతికి తిరిగి ఇచ్చాడు.

"అందుకే ఈ ఫొటో వచ్చింది బేటీ," అని, దుప్పటి మీదికి లాక్కుని కళ్లు మూసుకున్నాడు.